విండోస్ యాక్టివేషన్ పోయిందా? ముందు లైసెన్సు ఏ గుంజకు కట్టి ఉందో చూడండి

కిందటి వేసవిలో బావగారింటికి వెళ్తే, చెప్పులు విప్పీ విప్పకముందే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద కింద కుడి మూల బూడిదరంగు అక్షరాలు: ‘యాక్టివేట్ విండోస్’.

“ఏమయ్యా, నాలుగొందలు పోసి ఆన్‌లైన్‌లో కీ కొన్నాను. రెండు నెలలు బాగానే ఉంది. ఇప్పుడు మళ్లీ ఇదొచ్చి కూర్చుంది. ఇంకో కీ కొనమంటావా?” అన్నారు.

“కొందురుగానీ ఆగండి బావగారూ. దీనికి మొదట్లో డబ్బులిచ్చి కొన్న విండోస్ ఏమైంది?”

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ అది. నెమ్మదిగా పనిచేస్తోందని ఒక షాపుకి తీసుకెళ్లి, పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నారు. షాపువాళ్లే విండోస్ కూడా కొత్తగా ఎక్కించి ఇచ్చారు. గొడవ మొదలైంది ఆ తర్వాతే.

మీ విండోస్ కొన్నదేనని మైక్రోసాఫ్ట్ సరిచూసుకోవడమే యాక్టివేషన్. కొన్నప్పుడు ఇచ్చే 25 అక్షరాల కోడే కీ. ఇళ్లలో నేను చూసిన యాక్టివేషన్ గొడవలు చాలావరకు లైసెన్సు లేక వచ్చినవి కావు. ఉన్న లైసెన్సు దేనికి కట్టి ఉందో తెలియక వచ్చినవి. లైసెన్సు గాలిలో తేలుతూ ఉండదు. గేదెకు గుంజ ఉన్నట్టు దానికీ ఒక గుంజ ఉంటుంది: మదర్‌బోర్డు, లేదా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్, లేదా మీ ఆఫీసు వాళ్ల సర్వర్. ఏ గుంజో తేల్చుకోకుండా కీలు కొనడం, ఎవరో చెప్పిన ‘యాక్టివేటర్’ (దొంగగా యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్) డౌన్‌లోడ్ చేయడం రెండూ దండగే.

ముందు కంగారు తగ్గించుకోండి

యాక్టివేషన్ పోయినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. విండోస్ 10లోనైనా 11లోనైనా మూలన ఆ అక్షరాలు కనబడతాయి. సెట్టింగ్స్‌లో వాల్‌పేపర్, రంగులు, థీమ్ మార్చుకునే పర్సనలైజేషన్ భాగం తాళం పడుతుంది. అంతే. ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింటర్ పనిచేస్తుంది, యాక్టివేషన్ లేదని సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగవు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఈ యాక్టివేషన్ పద్ధతి ఇళ్లలోకి వచ్చినప్పుడు 30 రోజుల గడువు దాటితే లోపలికే పోనిచ్చేది కాదు. ఆ రోజుల భయం ఇంకా కొందరిలో ఉండిపోయింది. ఇప్పుడు అంత లేదు. నిదానంగా చూసుకునే వ్యవధి ఉంది.

గుంజ ఏదో తేల్చుకోవడం

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్‌లోకి, అందులో యాక్టివేషన్‌లోకి వెళ్లండి. విండోస్ 10 అయితే ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’ కింద ఉంటుంది. అక్కడ రెండు విషయాలు చదవండి. ఒకటి ఎడిషన్: హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో. రెండోది యాక్టివేషన్ స్థితి. ‘డిజిటల్ లైసెన్స్’ అని ఉంటే లైసెన్సు మీ మదర్‌బోర్డు పేరు మీద మైక్రోసాఫ్ట్ సర్వర్లలో రాసి ఉందని అర్థం. దాని పక్కనే ‘లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్’ అని కూడా ఉంటే ఇంకా మంచిది. ‘ఆర్గనైజేషన్’ అన్న మాట కనబడితే మాత్రం అది మీ సొంతం కాదు, ఏదో సంస్థది.

ఈ పేజీ చెప్పనివి ఒక చిన్న కమాండ్ చెబుతుంది. స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. నల్లటి కిటికీలో ఇలా కొట్టండి: ఎస్‌ఎల్‌ఎంజీఆర్ స్లాష్ డీఎల్‌ఐ. ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైపు చేయాల్సింది ఇంగ్లిషు అక్షరాలే. స్లాష్‌కు ముందు ఒక ఖాళీ వదలాలి.

కొన్ని క్షణాలకు చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ‘డిస్క్రిప్షన్’ అన్న వరస చివర ఏముందో చూడండి.

‘ఓఈఎం డీఎం ఛానెల్’ అని ఉంటే గుంజ మదర్‌బోర్డు. బ్రాండెడ్ లాప్‌టాప్‌లన్నీ దాదాపు ఇదే. విండోస్ 8 కాలం నుంచి 25 అక్షరాల కీని స్టిక్కర్ మీద కాకుండా బోర్డు మీది చిప్‌లోనే రాసి పంపుతున్నారు. అందుకే అడుగున కీ స్టిక్కర్ లేదని దిగులు పడక్కర్లేదు. డిస్క్ మార్చినా, ర్యామ్ పెంచినా దీనికేమీ కాదు. బోర్డు పోతే మాత్రం లైసెన్సు కూడా దానితోనే పోతుంది. వారంటీలో కంపెనీవాళ్లే బోర్డు మారిస్తే కొత్త బోర్డులో కీ వాళ్లే రాసిస్తారు. లాప్‌టాప్ తిరిగి తీసుకునేటప్పుడు యాక్టివేషన్ పేజీ వాళ్ల ముందే తెరిచి చూడండి. ఈ రకం లైసెన్సును వేరే కంప్యూటర్‌కు మార్చుకునే హక్కు లేదు.

‘రిటైల్ ఛానెల్’ అని ఉంటే అది విడిగా కొన్నది. ఒక సమయంలో ఒక్క కంప్యూటర్ మీదే వాడాలి గానీ, పాతదాన్ని తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు. ఉచిత అప్‌గ్రేడ్‌తో వచ్చిన డిజిటల్ లైసెన్సులు కూడా ఇదే పెట్టెలో రిటైల్ అని కనబడతాయి. కాబట్టి రిటైల్ అన్న మాట చూడగానే అట్టపెట్టె కోసం వెతకొద్దు.

‘వాల్యూమ్’ అని మొదలైతే ఆగండి. వాల్యూమ్ లైసెన్సులు కంపెనీలకు, కాలేజీలకు ఇచ్చేవి. అందులో కేఎంఎస్ క్లయింట్ అంటే, మీ కంప్యూటర్ ఆ సంస్థ సర్వర్‌కు హాజరు వేయించుకుంటూ ఉండాలి. ఒకసారి హాజరు పడితే 180 రోజులు చెల్లుతుంది. ఏడు రోజులకోసారి మళ్లీ వేయించుకోవడానికి తనంతట తనే ప్రయత్నిస్తుంది. ఇంటి నుంచి పనిచేస్తూ నెలల తరబడి వీపీఎన్‌లోకి (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే దారి) వెళ్లనివాళ్ల ఆఫీసు లాప్‌టాప్‌లో హఠాత్తుగా యాక్టివేషన్ పోయేది అందుకే. వీపీఎన్ కలిపి, అదే నల్లటి కిటికీలో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ స్లాష్ ఏటీఓ కొడితే సరిపోతుంది. మీ సొంత కంప్యూటర్‌లో, ఏ సంస్థతోనూ సంబంధం లేకుండా, ఈ మాట కనబడితే ఎవరో మీకు అక్రమంగా ఎక్కించారన్నమాట. నిజమైన కేఎంఎస్ సర్వర్ కనీసం 25 కంప్యూటర్లు అడిగితే తప్ప విండోస్‌ను యాక్టివేట్ చేయదు. ఇంట్లో ఒక్క కంప్యూటర్‌కు ‘లైఫ్‌టైమ్ కేఎంఎస్’ అమ్మేవాడి మాట అక్కడే తేలిపోతుంది.

అదే పెట్టెలో కీ చివరి ఐదు అక్షరాలు కూడా కనబడతాయి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. అక్కడ 3వి66టి అని ఉంటే అది మీ కీ కాదు, విండోస్ ప్రో తనంతట తను పెట్టుకునే సాధారణ కీ. హోమ్‌కు అది 8హెచ్‌వీఎక్స్7. డిజిటల్ లైసెన్సు ఉన్న వేలాది కంప్యూటర్లలో ఇవే అక్షరాలుంటాయి. వాటిని కాగితం మీద రాసి దాచుకోవడం వల్ల ఉపయోగం లేదు.

బావగారి పెట్టెలో ఏముందంటారా? ఎడిషన్ ప్రో. ఛానెల్ ‘వాల్యూమ్ ఎంఏకే’. అంటే ఏదో సంస్థ కోసం ఇచ్చిన, ఇన్ని కంప్యూటర్లకని లెక్క ఉన్న కీ. దాన్నే ముక్కలుగా అమ్మేశారు. సంగతి తెలిసి మైక్రోసాఫ్ట్‌వాళ్లు ఆ కీని ఆపేసి ఉంటారు.

పైసా ఖర్చు లేని పరీక్షలు

తేదీ, టైమ్ చూడండి. నవ్వకండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఒక బటన్ సెల్ ఉంటుంది, సీఆర్2032 రకం. అది అయిపోతే కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పితే మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో సురక్షిత సంభాషణ కుదరదు, బ్రౌజర్లో కూడా సైట్లు తెరుచుకోవు. యాక్టివేషన్ పోయిందనుకుని మూడు రోజులు కుస్తీ పట్టిన కంప్యూటర్ ఒకటి వీధి చివర వాచీల కొట్లో కొన్న సెల్‌తో బాగుపడడం నేను చూశాను.

తర్వాత యాక్టివేషన్ పేజీలోనే ‘ట్రబుల్‌షూట్’ బటన్ నొక్కండి. ఎక్కువసార్లు అది ఏమీ చేయలేనంటుంది. అయినా ఏ ఎర్రర్ కోడ్ వచ్చిందో ఒకసారి చూసి రాసుకోండి. కోడ్‌లన్నీ 0ఎక్స్‌తో మొదలవుతాయి. సి004ఎఫ్074 అంటే కేఎంఎస్ సర్వర్ దొరకలేదు. సి004సి003 అంటే కీని మైక్రోసాఫ్ట్ నిలిపేసింది. సి004సి008 అంటే అదే కీ వేరే చోట పరిమితికి మించి వాడారు. సి004ఎఫ్211 అంటే హార్డ్‌వేర్ మారింది. 803ఎఫ్7001 అంటే ఈ మిషన్ పేరు మీద, ఈ ఎడిషన్‌కు, లైసెన్సు కనబడలేదు. ఈ చివరిదే ఇళ్లలో ఎక్కువ. ఇందులో కీలకమైన మాట ‘ఈ ఎడిషన్‌కు’.

ఎడిషన్ తేడా: అసలు దొంగ ఇక్కడ ఉంటాడు

మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్. చిప్‌లో ఉన్న కీ ఆ ఎడిషన్‌కే చెల్లుతుంది. ఏదో వైరస్ వచ్చిందని బయట ఫార్మాట్‌కు ఇస్తే చాలాచోట్ల అందరికీ ఒకే పెన్‌డ్రైవ్ నుంచి ప్రో ఎక్కిస్తారు. బోర్డులో హోమ్ కీ భద్రంగా ఉంటుంది, ఎక్కిన విండోస్ ప్రో. ఆ తాళంచెవి ఈ తాళానికి పట్టదు. అది దాచడానికి యాక్టివేటర్ వేసి ఇస్తారు. కొన్నాళ్లకు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని పట్టుకుని తీసేస్తుంది. మూలన బూడిదరంగు అక్షరాలు మళ్లీ వచ్చేస్తాయి.

బోర్డులో కీ ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సాఫ్ట్‌వేర్ లైసెన్సింగ్ సర్వీస్ అనే క్లాస్‌ను గెట్ సిమ్ ఇన్‌స్టాన్స్ కమాండ్‌తో అడిగి, అందులో ఓఏ3ఎక్స్ ఒరిజినల్ ప్రొడక్ట్ కీ అనే విలువ చూడాలి. అంత తలనొప్పి వద్దనుకుంటే ఇంకో దారి: విండోస్‌ను మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద చేసుకుని, దానితో ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. బోర్డులో కీ ఉంటే ఇన్‌స్టాలర్ ఎడిషన్ ఏమిటని మిమ్మల్ని అడగదు, చిప్‌లో చదువుకుని తనే హోమ్ ఎంచుకుంటుంది.

హోమ్ నుంచి ప్రోకు పోవడానికి కీ మారిస్తే చాలు, ఫైళ్లు చెక్కుచెదరవు. ప్రో నుంచి హోమ్‌కు దిగడానికి అలాంటి మెట్లు లేవు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. కాబట్టి డాక్యుమెంట్లు, ఫోటోలు, డౌన్‌లోడ్లు, డెస్క్‌టాప్ మీద పరిచి పెట్టుకున్నవన్నీ ముందే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకోండి. అమ్మాయి పెళ్లి ఫోటోలు డీ డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ధీమాగా ఉండొద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్క తప్పు వరస మీద డిలీట్ నొక్కితే అవీ పోతాయి.

ప్రసక్తి వచ్చింది కాబట్టి: సింగిల్ లాంగ్వేజ్ అంటే తెలుగు టైపు చేయలేమని కొందరు అనుకుంటారు. కాదు. ఆ పరిమితి మెనూలు కనబడే భాషకు మాత్రమే. తెలుగు కీబోర్డు, ఫోనెటిక్‌తో సహా, ఏ ఎడిషన్‌లోనైనా పెట్టుకోవచ్చు.

మదర్‌బోర్డు మార్చబోతున్నారా

మార్చకముందే చేయాల్సిన పని ఒకటుంది. యాక్టివేషన్ పేజీలో ‘యాడ్ యాన్ అకౌంట్’ నొక్కి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ కలపండి. డిజిటల్ లైసెన్సును ఇలా అకౌంట్‌కు ముడిపెట్టే వీలు 2016లో విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌తో వచ్చింది. బోర్డు మారాక అదే ఎడిషన్ ఎక్కించి, అదే అకౌంట్‌తో అడ్మినిస్ట్రేటర్‌గా లోపలికి వెళ్లి, ట్రబుల్‌షూట్‌లో ‘ఐ ఛేంజ్డ్ హార్డ్‌వేర్ ఆన్ దిస్ డివైస్ రీసెంట్లీ’ అన్నది నొక్కితే మీ పాత కంప్యూటర్ల జాబితా వస్తుంది. అందులో సరైనది ఎంచుకుని ‘దిస్ ఈజ్ ద డివైస్ ఐయామ్ యూజింగ్ రైట్ నౌ’ దగ్గర టిక్ పెట్టి యాక్టివేట్ నొక్కాలి. జాబితాలో కంప్యూటర్ల పేర్లన్నీ ‘డెస్క్‌టాప్’ అని మొదలై అర్థంకాని అక్షరాలతో ఉంటాయి కాబట్టి, మార్చకముందే కంప్యూటర్‌కు ఒక గుర్తుండే పేరు పెట్టుకోండి. ఇలా మార్చుకోవడానికీ లెక్క ఉంది, పదేపదే ఒప్పుకోదు. చిప్‌లో కీతో వచ్చిన లాప్‌టాప్ లైసెన్సుకు ఈ దారి వర్తించదు.

రిటైల్ కీని ఒక కంప్యూటర్ నుంచి తీసి ఇంకోదానికి పెట్టాలంటే, పాతదానిలో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ స్లాష్ యూపీకే కొట్టి తీసేయండి. కీ చేతిలో రాసి ఉందో లేదో చూసుకున్నాకే సుమా.

ఆఫీస్: పేరు మీది పేచీ

వర్డ్, ఎక్సెల్ సంగతి వేరు. ఇక్కడ గుంజ అకౌంటే. కొత్త లాప్‌టాప్‌తో ‘ఆఫీస్ హోమ్’ (ఇదివరకు ‘హోమ్ అండ్ స్టూడెంట్’ అనేవారు) ఉచితంగా వస్తుందని పెట్టె మీద రాసి ఉంటుంది. మొదటిసారి వర్డ్ తెరిచి ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ చేస్తే ఆ అకౌంట్‌కు అది శాశ్వతంగా అతుక్కుంటుంది. కొన్నచోటే ‘సెటప్ చేసిస్తాం సార్’ అని కూర్చోబెట్టి, తొందరలో షాపు వాళ్ల ఈమెయిల్‌తో యాక్టివేట్ చేసేసిన లాప్‌టాప్ మా తమ్ముడి కూతురిది. రెండేళ్ల తర్వాత డిస్క్ మార్చి మళ్లీ ఎక్కించబోతే సైన్ ఇన్ అడిగింది. “పెదనాన్నా, ఈ మెయిల్ ఎవరిది?” అని అది నన్నడిగింది. ఆ షాపులో ఆ కుర్రాడు మానేశాడు. ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. చేతికొచ్చిన ఆఫీస్ అలా పోయింది.

కాబట్టి లాప్‌టాప్ కొన్న రోజున విండోస్ వరకు షాపులో సెటప్ చేయనివ్వండి. ఆఫీస్ మాత్రం ఇంటికొచ్చి మీ అకౌంట్‌తో మీరే తెరవండి. ఆలస్యమూ చేయకండి, ఆ ఆఫర్‌కు గడువు ఉంటుంది. తెరిచాక బ్రౌజర్లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ‘సర్వీసెస్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’ కింద ఆఫీస్ పేరు కనబడుతోందో లేదో చూసుకోండి.

రెండో పేచీ: ఒకే కంప్యూటర్‌లో రెండు లైసెన్సులు. మైక్రోసాఫ్ట్ 365 నెలరోజుల ట్రయల్ ముందు తెరిచి, తర్వాత కొన్న ఆఫీస్ పెడితే, ట్రయల్ గడువు తీరాక ‘సబ్‌స్క్రిప్షన్ ఎక్స్‌పైర్డ్’ అని పైన పట్టీ వస్తుంది. కొన్నది ఉన్నా అదే పట్టీ. ముందు వర్డ్‌లో ఫైల్, అకౌంట్ తెరిచి ఏ ఉత్పత్తి పేరు ఉందో, ఏ మెయిల్ ఉందో చూడండి. మెయిల్ వేరేదైతే సైన్ అవుట్ చేసి సరైనదానితో వెళ్లండి. పేరే 365 అని ఉంటే దాన్ని కంట్రోల్ ప్యానెల్ నుంచి పూర్తిగా తీసేసి, మీ అకౌంట్ పేజీ నుంచి కొన్న ఆఫీస్‌నే మళ్లీ దించుకోవడం మేలు.

చందా కట్టే 365లో లెక్కలు ఇవి: ఫ్యామిలీ ప్లాన్ ఆరుగురికి. ఒక్కొక్కరు ఒకే సమయంలో ఐదు పరికరాల మీద సైన్ ఇన్‌లో ఉండొచ్చు. నెలకోసారైనా నెట్ తగలాలి. చందా ఆగితే ఫైళ్లు చదవొచ్చు, ప్రింట్ తీయొచ్చు, మార్చడం మాత్రం కుదరదు. ఆరుగురికి అవకాశం ఉండగా ఇంటిల్లిపాదీ ఒకే పాస్‌వర్డ్ వాడుకునే కుటుంబాలు ఉన్నాయి. ఒకరి ఫైళ్లు ఇంకొకరి ఫోన్లో తేలేది అందుకే. చందాదారు తన అకౌంట్ పేజీ నుంచి మిగతా ఐదుగురికీ ఆహ్వానం పంపితే ఫైళ్లు దాచుకునే ఎవరి జాగా వాళ్లకు వస్తుంది, ఒక్కొక్కరికి 1 టీబీ వరకు.

ట్యాలీ, అడోబీ

ఇంట్లో లెక్కలు రాసేవాళ్లకు ట్యాలీ పేచీ తెలిసిందే. ట్యాలీప్రైమ్ సిల్వర్ ఒక్కరు వాడేది. కంప్యూటర్ ఫార్మాట్‌కు ఇచ్చే ముందు లైసెన్సును ‘సరెండర్’ చేయడం మరిచిపోతే, కొత్తగా ఎక్కించాక అది పాత కంప్యూటర్‌లోనే ఉన్నట్టు లెక్కేసుకుంటుంది. అప్పుడు ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది. నెలలో 1, 2, 31 తేదీలకే వోచర్లు రాయనిస్తుంది. జీఎస్టీ రిటర్ను గడువు ముందు రోజు రాత్రి ఇది జరిగితే ఆ బాధ పగవాడికి కూడా వద్దు. ఫోటోషాప్ లాంటి అడోబీ ప్రోగ్రాములైతే రెండు కంప్యూటర్లలో సైన్ ఇన్ అయి ఉండొచ్చు గానీ ఒకేసారి రెండింట్లో వాడకూడదు. మూడోదాంట్లో తెరిస్తే పాతదాంట్లోంచి బయటికి రమ్మంటుంది.

యాక్టివేటర్ వేసి ఉంటే

అది చేసే పని కేఎంఎస్ సర్వర్ వేషం కట్టి, మీ కంప్యూటర్‌కు దొంగ హాజరు వేయడం. అందుకోసం ముందు మీ చేతే యాంటీవైరస్ ఆపించుతుంది. కాపలా కుక్కను కట్టేయమని అడిగే అతిథిని ఇంట్లోకి రానిస్తామా? పైగా చట్టం సంగతి కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. లాభం కోసం, వ్యాపారంలో వాడనప్పుడు కోర్టు జైలు లేకుండా జరిమానాతో వదలొచ్చు.

తీసేయాలంటే, అడ్మినిస్ట్రేటర్ కిటికీలో ఎస్‌ఎల్‌ఎంజీఆర్‌కు వరసగా స్లాష్ యూపీకే, స్లాష్ సీపీకేవై, స్లాష్ సీకేఎంఎస్ ఇవ్వండి. మొదటిది కీని తీసేస్తుంది, రెండోది రిజిస్ట్రీలో మిగిలిన కీని తుడుస్తుంది, మూడోది దొంగ సర్వర్ పేరును చెరిపేస్తుంది. తర్వాత డిఫెండర్‌లో ‘ఎక్స్‌క్లూజన్స్’ జాబితా చూడండి. మీరు పెట్టని ఫోల్డర్ అక్కడ ఉంటే తీసేయండి. టాస్క్ షెడ్యూలర్‌లో కూడా యాక్టివేటర్ పెట్టిన పని ఏదైనా మిగిలిందేమో ఒకసారి వెతకండి. చివరగా డిఫెండర్‌లోనే ఆఫ్‌లైన్ స్కాన్. ఇంత చేసినా, ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేసేవాళ్లు కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే నా సలహా. నేనైతే అదే చేస్తాను.

బావగారి మిషన్‌కు అదే చేశాం. అంతకుముందు అటక ఎక్కి వెతికితే 2014 నాటి విండోస్ డబ్బా దొరికింది. దాని మీద 8.1 అని ఉంది, ‘ప్రో’ అన్న మాట ఎక్కడా లేదు. “2016లో ఏదో ఫ్రీగా వస్తోందంటే పదికి మార్చుకున్నానయ్యా” అని అప్పుడు గుర్తు చేసుకున్నారు. 2015 జూలై 29 నుంచి ఏడాది పాటు నడిచిన ఉచిత అప్‌గ్రేడ్ అది. అంటే ఈ బోర్డు పేరు మీద విండోస్ 10 హోమ్ డిజిటల్ లైసెన్సు ఎప్పటినుంచో ఉంది. డిస్క్ మారినా బోర్డు మారలేదు.

పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. కీ అడిగిన చోట ‘ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ’ నొక్కి, జాబితాలో హోమ్ ఎంచుకున్నాను. వైఫై కలిపాక యాక్టివేషన్ పేజీ తెరిచి చూస్తే పని ముందే అయిపోయింది. విండోస్ 10కి మామూలు మద్దతు గడువు 2025 అక్టోబర్ 14 వరకేనని, ఈ పాత ప్రాసెసర్ 11కు పనికిరాదని చెప్పాను. ఆయన అవేవీ వినలేదు. “మరి నా నాలుగొందలు?” అన్నారు.